రాష్ట్రం మారినపుడు ఆరోగ్యశ్రీ వర్తింపు

ఒక రాష్ట్రంలో ప్రభుత్వ ఆరోగ్య పథకానికి అర్హత కలిగిన కుటుంబం బ్రతుకుతెరువు కొరకు మరొక రాష్ట్రానికి వెళ్ళినపుడు ఆ అర్హత ఎంతవరకు నిలుస్తుందన్నది ఈ వ్యాసం విషయం. పశ్చిమ ప్రకాశంగా పిలువబడే మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల నుండి హైదరాబాదు, బెంగళూరు నగరాలకు వలసలు ఎక్కువ. అందువలన ఇక్కడి కుటుంబాలకు ఇది ముఖ్యమైన విషయం. ఆరోగ్య పథకాలలో అర్హతకు ఆధారం మనిషి పని చేసే ఊరు కాదు, కుటుంబం పేరు నమోదైన రాష్ట్రం.

నేపథ్యం

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరం ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. నల్లమల అడవులకు ఆనుకొని ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో సేద్యం ప్రధానంగా వర్షాధారం. వానలు లేని సంవత్సరాలలో కూలీలు మిరప కోతలకు గుంటూరు వైపునకు, భవన నిర్మాణ పనులకు హైదరాబాదు, బెంగళూరులకు వెళ్ళుట పరిపాటి. సాధారణంగా పని చేయగలవారు మాత్రమే వెళ్తారు. వృద్ధులు, ఒక్కోసారి పిల్లలు స్వగ్రామంలోనే ఉంటారు. రేషను కార్డు కూడా అక్కడే ఉంటుంది.

ఆరోగ్యశ్రీ పథకం

రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమైనది. 2008 నాటికి ప్రకాశంతో సహా మిగిలిన జిల్లాలకు విస్తరించింది. తెల్ల రేషను కార్డు గల కుటుంబానికి సంవత్సరానికి 1.5 లక్షల రూపాయల వరకు, అవసరమైతే అదనంగా మరో 50 వేల వరకు నగదు రహిత చికిత్స లభించేది. హైదరాబాదు అదే రాష్ట్రానికి రాజధాని కావడం వలన మార్కాపురం కార్డుతో అక్కడి నెట్‌వర్క్ ఆసుపత్రులలో చేరుటకు ఆటంకం ఉండేది కాదు.

రాష్ట్ర విభజన తరువాత

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత రెండు రాష్ట్రాల పథకాలు వేరయ్యాయి. దోర్నాల, శ్రీశైలం మీదుగా హైదరాబాదు వెళ్ళే కూలీల ప్రయాణం అంతర్రాష్ట్ర వలసగా మారింది. గుంటూరు వెళ్ళినవారికి మాత్రం ఏ మార్పూ లేదు.

ఆంధ్ర ప్రదేశ్ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా, 2019 తరువాత వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీగా, 2024లో మరల డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా పేర్లు మారినది. 2019 నవంబరులో ఎంపిక చేసిన చికిత్సలకు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాలలోని కొన్ని ఆసుపత్రులను ఈ పథకంలో చేర్చారు. అయితే ఈ సౌకర్యం చికిత్స రకాన్ని, ఆసుపత్రిని బట్టి ఉండేది. పొరుగు రాష్ట్రంలోని ప్రతి ఆసుపత్రిలోనూ కార్డు చెల్లుతుందని దీని అర్థం కాదు.

ఆయుష్మాన్ భారత్

2018 సెప్టెంబరు 23న ప్రారంభమైన కేంద్ర పథకం ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనలో కుటుంబానికి సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తుంది. ఈ పథకం అమలులో ఉన్న ఏ రాష్ట్రంలోనైనా, పథకంలో చేరిన ఆసుపత్రిలో లబ్ధిదారు చికిత్స పొందవచ్చును. ఖర్చును లబ్ధిదారు స్వరాష్ట్రం భరిస్తుంది. కర్ణాటక 2018లోను, తెలంగాణ 2021లోను దీనిని అమలులోకి తెచ్చాయి.

అయితే రాష్ట్ర పథకానికి అర్హత గల కుటుంబాలన్నీ కేంద్ర పథకం జాబితాలో ఉండవు. ఉదాహరణకు, కంభంలో కార్డు ఉండి బెంగళూరులో తాపీ పని చేసే వ్యక్తికి గుండె శస్త్రచికిత్స అవసరమైనదనుకుందాం. కేంద్ర జాబితాలో పేరు ఉంటే బెంగళూరులోనే చికిత్స జరుగుతుంది. రాష్ట్ర పథకంలో మాత్రమే ఉంటే ఆ పథకంలో చేరిన ఆసుపత్రికి, అనగా చాలా సందర్భాలలో స్వరాష్ట్రానికి, తిరిగి రావలసి ఉంటుంది. అందుచేత ఊరు విడువక మునుపే గ్రామ సచివాలయంలో గాని, 14555 నంబరులో గాని జాబితాను సరిచూసుకొని ఆయుష్మాన్ కార్డు తీసుకొనుట మంచిది.

రేషను సరుకులతో తేడా

ఒకే దేశం ఒకే రేషను కార్డు పథకం 2019 ఆగస్టులో మొదలైన రాష్ట్రాలలో ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. దీని వలన అర్హత గల కార్డుదారులు వలస వెళ్ళిన చోట బియ్యం తీసుకొనవచ్చును. దీనిని చూసి వైద్యం కూడా అదే విధంగా లభిస్తుందని పలువురు భావిస్తారు. బియ్యం ఇచ్చుటకు, శస్త్రచికిత్స ఖర్చు భరించుటకు నియమాలు వేరు.

కార్డు మార్చుకొనుట

కొత్త రాష్ట్రంలో రేషను కార్డు పొందగోరువారు మొదట పాత కార్డు నుండి పేరు తొలగించుకొనవలెను. ఒకే వ్యక్తి పేరు రెండు రాష్ట్రాల కార్డులలో ఉండరాదు. పాత పేరు తొలగి, కొత్త కార్డు రాక ముందు జబ్బు చేస్తే రెండు చోట్లా సహాయం అందక పోవచ్చును. కుటుంబం మొత్తం పేర్లు మార్చుకుంటే స్వగ్రామంలో ఉన్న వృద్ధులు అక్కడి రాష్ట్ర పథకానికి దూరమవుతారు. అందువలన కొన్ని నెలల పనికి వెళ్ళేవారు పాత కార్డును ఉంచుకొనుట, స్థిరపడినవారు మార్చుకొనుట మేలు.

ఉద్యోగ రాజ్య బీమా

నెలకు 21 వేల రూపాయల లోపు వేతనంతో ఈ చట్టం వర్తించే సంస్థలలో పని చేసేవారికి ఇ.ఎస్.ఐ. వైద్యం లభిస్తుంది. ఇది కేంద్ర చట్టం కనుక రాష్ట్రం మారినా బీమా సంఖ్య మారదు. స్వగ్రామంలో ఉన్న కుటుంబ సభ్యులకు అక్కడి డిస్పెన్సరీని నమోదు చేయించుకొనవచ్చును. మేస్త్రీల క్రింద రోజు కూలీకి పని చేసే చాలామందికి ఈ సదుపాయం అందుట లేదు.

అత్యవసర చికిత్స

ప్రాణాపాయంలో ఉన్న వ్యక్తికి ప్రభుత్వ వైద్యులైనా, ప్రైవేటు వైద్యులైనా వెంటనే చికిత్స చేయవలెనని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. కార్డు ఏ రాష్ట్రానిదన్న ప్రశ్న ఆ తరువాతిదే.

ఇవి కూడా చూడండి

మార్కాపురం
గిద్దలూరు
ఆయుష్మాన్ భారత్
ఆంధ్ర ప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం