పొదిలి ఎద్దులు, గిండీ డాక్టరు

మొదట కుంటినవి ఎద్దులు. 1930ల్లో పొదిలి, దర్శి ప్రాంతపు రైతులు గమనించిన సంగతి ఇది. నిన్నటిదాకా అరక లాగిన ఎద్దు కాళ్ళు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోయేది. కొన్నేళ్ళకు మనుషుల్లోనూ అదే తీరు బయటపడింది. నడుము వంగదు, మెడ తిరగదు. పక్కవాణ్ణి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి.

అప్పటికి పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోవి. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. పెద్ద ఆసుపత్రి, పెద్ద ప్రయోగశాల అన్నీ మద్రాసులోనే. అక్కడి గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్. 1887లో పంజాబులో పుట్టిన బ్రిటిష్ వైద్యుడు.

శాస్త్రవేత్త ఘనతను పత్రాల పట్టీతో కొలుస్తారు కదా, షార్ట్ పట్టీలో గొప్పగా చెప్పుకునేవి రెండు. 1942లో స్వామినాథ్, ఆండర్సన్‌లతో కలిసి, కాలా అజార్ జ్వరం శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కాటు వల్లే మనిషికి సోకుతుందని రుజువు చేశాడు. 1948లో లండన్‌లో గార్న్‌హామ్‌తో కలిసి, దోమ కుట్టాక మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో పెరుగుతుందని, తొలుత కోతిలో, తరవాత మనిషిలో చూపాడు. 1950లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు.

మనకు కావలసిన పత్రాలు ఈ రెండింటికీ ముందు, 1937లో వచ్చాయి. ఒకటి పండిట్, రాఘవాచారిలతో కలిసి నీళ్ళలోని ఫ్లోరిన్ తెచ్చే జబ్బు, నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాసింది. రెండోది మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్‌లతో కలిసి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాసింది. మన దేశంలో మనుషుల ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్‌ను వైద్య ప్రపంచానికి తెలియజెప్పినవి ఇవే. షార్ట్ గురించి రాసేవాళ్ళు మలేరియా దగ్గరే ఆగిపోతారు. మన వైపు నుంచి చూస్తే అది తలకిందుల లెక్క.

ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్ పట్టిన వెన్నెముకలు మార్కాపురం పలక మీద బలపం అదిమి గీసినట్టు తెల్లగా కనపడతాయి. పూసలకూ పూసలకూ మధ్య ఉన్న స్నాయువులు కూడా సున్నం పట్టి ఎముకలా గట్టిపడతాయి. వెన్నుపాము వెళ్ళే దారి ఇరుకైపోతుంది. ఆ నొక్కుడుకు కాళ్ళు పడిపోవచ్చు. ఎముక గట్టిపడితే బలమే కదా అనుకుంటాం. ఫ్లోరిన్ చేరిన ఎముక చూడటానికి దట్టంగా ఉంటుంది, దాని అల్లిక మాత్రం చెడిపోతుంది.

గారపళ్ళు ఇంకో కథ చెబుతాయి. చిగురు కింద పన్ను తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళే పంటి పింగాణీ మీద మచ్చలు వేస్తాయి. పెద్దయ్యాక వలస వచ్చినవాడికి ఆ మచ్చ రాదు. పళ్ళు చూస్తే మనిషి బాల్యం ఎలాంటి నీటి మీద గడిచిందో తెలుస్తుంది.

అమెరికాలో పళ్ళ మచ్చలకు నీటిలోని ఫ్లోరిన్ కారణమని 1931లో తేలింది. 1932లో కోపెన్‌హేగన్‌లో క్రయోలైట్ దుమ్ము పీల్చిన కార్మికుల ఎముకలు గట్టిపడ్డాయని కనుగొన్నారు. వాళ్ళది కార్ఖానా జబ్బు. మనవాళ్ళకు ఊరి బావే కార్ఖానా అయింది.

నీళ్ళలోకి ఫ్లోరిన్ ఎక్కడిది? మార్కాపురం కింద పలకరాయి. కనిగిరి వైపు గ్రానైట్, అందులో ఫ్లోరైట్ అనే ఫ్లోరిన్ ఖనిజం ఉంది. వాన తక్కువ కాబట్టి నీరు రాతితో ఎక్కువకాలం కాపురం చేస్తుంది. నీళ్ళలో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి కిందకు దించుతుంది. అది తక్కువై సోడాగుణం పెరిగితే ఫ్లోరైడ్ కరిగే ఉండిపోతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు. మే నెల ఎండలో చేలో పనిచేసేవాడు తాగే నీటిని తలచుకుంటే నాకు ఆ హద్దు కూడా ఉదారంగానే అనిపిస్తుంది.

1940లో పండిట్, రాఘవాచారి బృందం ఇంకో ముడి విప్పింది: తిండి చాలనివాళ్ళను ఇది మరింత కుంగదీస్తుంది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి, ఫ్లోరోసిస్ ప్రాంతపు కుర్రాళ్ళలో మోకాళ్ళు ఒరుసుకునే వంకర గురించి లాన్సెట్‌లో రాశారు. కారణం తెలిశాక కావలసింది వేరే నీళ్ళు. నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల, నీళ్ళు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల మీద ఈ మెట్ట పెట్టుకున్న ఆశ సాగునీటి కోసమే కాదు.

షార్ట్ నూరేళ్ళు బతికి 1987లో పోయాడు. అప్పటికి పొదిలి పత్రాలకు యాభై ఏళ్ళు.

ఒక్క మాట. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుంది. మీ బోరు నీళ్ళు సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఒకసారి పరీక్ష చేయించండి.