ముక్కలు కలిపే మూడక్షరాలు

కంప్యూటరు సంగతి మనకెందుకులే అని పేజీ తిప్పేయకండి. వంటల కొలతలనీ, పెళ్లిపిలుపుల జాబితా అనీ, పాటలనీ మనలో చాలామందిమి అందులో టైపు చేసి దాచుకుంటూనే ఉన్నాం. అవన్నీ తలో ఫైల్లో చెల్లాచెదురుగా పడివుంటాయి. వాటిని ఒక్కచోట చేర్చే చిన్న సాధనం ఒకటుంది.

దాని పేరు క్యాట్. పిల్లి కాదండోయ్! గొలుసులా కలపడం అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటకు పొట్టిపేరు. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు తయారుచేసిన యూనిక్స్‌లో 1971 నాటికే ఇది ఉంది. లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో ఇప్పటికీ ఉంది.

టెర్మినల్ అనే కిటికీ తెరవండి. సి, ఏ, టి అక్షరాలు టైపు చేసి, కలపవలసిన ఫైళ్ల పేర్లు మధ్య మధ్య ఖాళీ వదులుతూ వరసగా రాయండి. ఎంటర్ నొక్కితే అన్నీ ఒకదాని కింద ఒకటి తెరమీద కనబడతాయి. దాచుకోవాలంటే, ఎంటర్ నొక్కేముందు > అనే కోణం గుర్తు పెట్టి, కొత్త ఫైలు పేరు రాయాలి. పాత ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

నేను తప్పు చేసింది ఇక్కడే. మా అమ్మ పాడే మంగళహారతులు, ఆవిడ చెబుతుంటే మూడు ఫైళ్లలో ఎక్కించాను. కలిపేటప్పుడు కొత్త పేరెందుకులే అని, కోణం గుర్తు తరవాత మొదటి ఫైలు పేరే రాశాను. అందులోని పాటలన్నీ మాయం! ఆ గుర్తు చూడగానే కంప్యూటరు ముందు ఆ ఫైలును ఖాళీ చేస్తుంది, తరవాతే కలపడం మొదలెడుతుంది. పులుసున్న గిన్నెనే కడిగేసి, అందులో పులుసు వడ్డించమంటే ఏముంటుంది? అమ్మ మళ్లీ చెప్పింది గానీ, రెండు పాటల్లో చివరి చరణాలు ఆవిడకు గుర్తు రాలేదు.

అందుకని ఎప్పుడూ కొత్త పేరే ఇవ్వండి. ఉన్న ఫైలు చివర చేర్చాలంటే కోణం గుర్తు రెండుసార్లు, >> అని పెట్టాలి. అప్పుడు పాతది చెరగదు.

ఇంకో మూడు సంగతులు. పేర్లు ఏ వరసలో రాస్తే ఆ వరసలోనే కలుస్తాయి. పేర్లకు బదులు * గుర్తు పెడితే ఆ ఫోల్డర్లోనివన్నీ వస్తాయి గానీ, 1 తరవాత 10, ఆ పిమ్మట 2 వస్తాయి. అందుకే 01, 02 అని పేర్లు పెట్టుకోవాలి. రెండోది, ప్రతి ఫైలు ఆఖరున ఒకసారి ఎంటర్ నొక్కి ఉంచండి. లేకపోతే ఒక పాట చివరి పంక్తికి తరవాతి పాట మొదటి పంక్తి అతుక్కుపోతుంది. క్యాట్ తనంతట తానేమీ చేర్చదు. మూడోది, ఇది ఉత్త అక్షరాల ఫైళ్లకే. ముస్తాబు చేసిన వర్డ్ ఫైళ్లు ఇలా కలవవు.

అన్నిటికంటే ముందు ఒక నకలు తీసి పక్కన పెట్టుకోండి. మా పుస్తకంలో ఆ రెండు చరణాల చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. మీ ఇంట అలా కాకూడదనే ఇంతగా చెప్పడం.