వాలుకొమ్మల బాటిల్ బ్రష్: కత్తిరింపు మెళకువలు, పోషణ

ఉద్యానవనాలలోనూ, విద్యాసంస్థల ప్రాంగణాలలోనూ, రహదారుల మధ్యభాగంలోనూ విరివిగా కనిపించే అలంకరణ వృక్షాలలో వాలుకొమ్మల బాటిల్ బ్రష్ ఒకటి. సీసాలు శుభ్రపరిచే కుంచెను పోలిన ఎర్రని పూలగుత్తులు, నేలవైపు ధారగా జారే సన్నని కొమ్మలు దీని ప్రత్యేకతలు. అయితే మన పరిసరాలలోని బాటిల్ బ్రష్ చెట్లలో అనేకం ఈ రెండు లక్షణాలనూ కోల్పోయి, పొట్టి గొడుగుల వలె నిలిచి ఉంటాయి. ఇందుకు కారణం నేల లోపమో, తెగులో కాదు, మనం వేసే కోతే. గణతంత్ర దినోత్సవానికి ముందు ప్రాంగణాలను చక్కదిద్దే సందర్భంలో చెట్టు చుట్టూ ఒకే ఎత్తున కొమ్మల చివరలను కత్తిరించడం పలుచోట్ల ఆనవాయితీగా మారింది. ఆ కోతతో పాటే రాబోయే వసంతపు పూత కూడా చెత్తకుప్పలోకి చేరుతుంది. ఏ కొమ్మను, ఎక్కడ, ఎప్పుడు తీయాలో తెలుసుకుంటే ఈ నష్టాన్ని సులభంగా నివారించవచ్చు.

పుట్టుక, స్వభావం

ఈ వృక్షం శాస్త్రీయ నామం కాలిస్టెమాన్ విమినాలిస్. కొందరు వృక్షశాస్త్రజ్ఞులు దీనిని మెలలూకా ప్రజాతిలో చేర్చినందున మెలలూకా విమినాలిస్ అనే పేరు కూడా వాడుకలో ఉంది. కాలిస్టెమాన్ ప్రజాతిని 1814లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఏర్పరచారు. గ్రీకు భాషలో ఆ మాటకు అందమైన కేసరాలు గలదని అర్థం. మన కంటికి ఇంపుగా కనిపించే ఎరుపు రంగు ఆకర్షక పత్రాలది కాదు, పొడవైన కేసరాలదే. విమినాలిస్ అనే లాటిన్ మాట బుట్టలల్లే బెత్తం వంటి, తేలికగా వంగే కొమ్మలను సూచిస్తుంది.

దీని స్వస్థలం ఆస్ట్రేలియా తూర్పు ప్రాంతంలోని న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాలు. అక్కడ వాగుల ఒడ్డున ఎక్కువగా పెరుగుతుంది. నీటి ప్రవాహపు తాకిడికి విరగకుండా వంగిపోయే కొమ్మలు అటువంటి చోట మనుగడకు అనుకూలం. తోటలలో సాధారణంగా 4 నుండి 8 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. జామ, నేరేడు, నీలగిరి చెట్లు చేరిన మిర్టేసి కుటుంబానికే ఇదీ చెందుతుంది.

పూత ఎక్కడ వస్తుంది?

కత్తిరింపునకు సంబంధించిన మెళకువలన్నీ ఈ ఒక్క ప్రశ్నకు సమాధానంలోనే ఉన్నాయి. జామలో కొత్తగా వచ్చిన చిగురు కొమ్మల ఆకుల మొదళ్లలో పూలు వస్తాయి. అందుచేత చివరలు కత్తిరిస్తే కొత్త చిగుళ్లు, వాటితో పూత లభిస్తాయి. జామ తోటలో ఈ పద్ధతికి అలవాటుపడిన చేయి అదే కుటుంబానికి చెందిన బాటిల్ బ్రష్‌కు కూడా అదే కోత వేస్తుంది. పొరపాటు అక్కడే జరుగుతుంది.

బాటిల్ బ్రష్‌లో పూలగుత్తి ఏర్పడేది కొమ్మ చివరన. పూత ముగిసిన పిమ్మట కొమ్మ అక్కడితో ఆగిపోదు. గుత్తి కొన నుండి చిగురు వెలువడి అదే కొమ్మ ముందుకు సాగుతుంది. రాలిన పూల స్థానంలో చిన్న గుండీల వంటి గట్టి కాయలు కొమ్మను అంటిపెట్టుకొని కొన్నేళ్లపాటు నిలిచి ఉంటాయి. ఏదైనా పాత కొమ్మను పరిశీలిస్తే కాయల వలయం, తరువాత కొంత ఆకుల భాగం, మళ్లీ కాయల వలయం వరుసగా కనిపిస్తాయి. ఒక్కొక్క వలయం గడిచిపోయిన ఒక్కొక్క పూతకు గుర్తు. రాబోయే పూత మాత్రం కొట్టకొసన ఉంటుంది. పూతకు ముందు నెలల్లో ఆ కొసలను తీసివేస్తే చెట్టు ఆ ఏడాది పూయడానికి మిగిలేది ఏమీ ఉండదు.

గొడుగు కోత వల్ల మరొక నష్టం కూడా ఉంది. కొమ్మ చివర తెగగానే కోతకు దిగువన ఉన్న మొగ్గలన్నీ ఒక్కసారిగా మేల్కొని, నిటారుగా, గుబురుగా చిగుళ్లు వేస్తాయి. పొడవు, బరువు చాలినంత లేనందున అవి వాలవు. వాలే గుణం కలిగిన చెట్టు చీపురుకట్టను తలకిందులుగా నిలిపినట్లు తయారవుతుంది. పైభాగం దట్టమై లోపలికి వెలుతురు సోకక, నీడన పడిన కొమ్మలు ఎండి పుల్లల గూడుగా మిగులుతాయి.

మొదలంటా తీసే కోత మేలు

చెట్టు పరిమాణాన్ని తగ్గించదలచినపుడు అన్ని కొమ్మలనూ కొంత కొంత కురచ చేయడం కంటే, కొన్ని కొమ్మలను మాత్రమే ఎంచుకొని అవి పుట్టినచోటి వరకు పూర్తిగా తీసివేయడం ఉత్తమం. మిగిలిన కొమ్మలు తమ పూర్తి పొడవుతో, కొసలలోని పూమొగ్గలతో యథాతథంగా నిలుస్తాయి. చెట్టు పలచబడినా దాని ఆకృతి చెడదు. కోసినట్లు చూసేవారికి తెలియకపోవడమే మంచి కత్తిరింపునకు కొలబద్ద.

ఏదైనా వాలుకొమ్మను తప్పనిసరిగా కురచ చేయవలసి వస్తే, దానిపై బయటి దిశకు, పైకి చూస్తున్న పక్కకొమ్మను గుర్తించి, దానికి కాస్త ముందు కోయాలి. ఆ పక్కకొమ్మ ముందుగా బయటకు సాగి, ఆ తరువాత వాలుతుంది. దీని వలన కొమ్మలు అంచెలంచెలుగా జారుతూ, వాటి మధ్య గాలి, వెలుతురు ప్రసరిస్తాయి. లోపలికి లేదా కిందికి చూస్తున్న పక్కకొమ్మ వద్ద కోస్తే అది మాను మీదికి ముడుచుకొని గుబురు పెరుగుతుంది.

లేత దశలో తీర్చిదిద్దడం

విత్తనం ద్వారా పెంచిన మొక్కలలో వాలే గుణం ఒక్కో మొక్కకు ఒక్కో తీరుగా ఉంటుంది. కావున మంచి ఆకృతి గల తల్లిచెట్టు నుండి సగం ముదిరిన కొమ్మ ముక్కలతో వర్షాకాలంలో పెంచిన మొక్కలను ఎంచుకోవడం శ్రేయస్కరం. 60 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతు గల గుంతలలో తొలకరి తరువాత నాటుకోవాలి.

బాటిల్ బ్రష్ మొదటి నుండే పలు మాన్లుగా చీలే స్వభావం కలది. చెట్టుగా పెంచదలచినవారు బలమైన ఒక కొమ్మను నాయక కొమ్మగా ఎంచుకొని, పక్కన పాతిన ఊతకర్రకు ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. దానితో పోటీపడే నిటారు కొమ్మలను లేతగా ఉన్నపుడే తొలగించాలి. మాను దిగువన ఉన్న చిన్న కొమ్మలను ఒకేసారి తీసివేయకూడదు. అవి మానుకు ఆహారాన్ని అందించి లావు పెరిగేందుకు తోడ్పడతాయి. ఎండ నుండి బెరడును కాపాడతాయి. ఏడాదికి కొన్ని చొప్పున, బొటనవేలి మందానికి చేరకముందే తీస్తూ, మూడు నాలుగేళ్లలో మానును శుభ్రపరచాలి. నడకదారి పక్కన ఉన్న చెట్లకు దారివైపు 2 నుండి 2.5 మీటర్ల ఎత్తు వరకు ఖాళీ ఉంచితే చాలు. ఊతకర్రను ఏడాది తరువాత తీసివేయాలి. గాలికి కాస్త ఊగిన మానే గట్టిపడుతుంది.

ఏ కాలంలో ఏ కోత?

మన రాష్ట్రాలలో ప్రధానమైన పూత శీతాకాలం చివరి నుండి వేసవి ఆరంభం వరకు కనిపిస్తుంది. పూత ముగిసిన వెంటనే, కాయలు కట్టకముందే, చేతికందిన మేరకు వాడిన గుత్తులను వాటి దిగువన కోయవచ్చు. ఇక్కడ కూడా చివరనే కోస్తున్నాము గదా అనే సందేహం కలగవచ్చు. పూత అయిపోయినందున ఈ కోతలో నష్టపోయేది లేదు. ఒక్కొక్క గుత్తినీ అది ఉన్న చోటనే తీస్తాము గనుక కొమ్మల పొడవులు సమం కావు, ఆకృతి చెడదు. పైగా దిగువ మొగ్గల నుండి రెండు మూడు కొత్త కొసలు వచ్చి, మరుసటి పూతకు సిద్ధమయ్యే వ్యవధి లభిస్తుంది.

పెద్ద కొమ్మలను తీసే పనిని మాత్రం ఏప్రిల్, మే నెలల్లో చేపట్టరాదు. 40 డిగ్రీలు దాటే ఎండలో, అంతవరకు నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా బయటపడితే మాడి పగులుతుంది. తొలకరి వానలతో నేల తడిసిన తరువాత, జూన్ చివర లేదా జులైలో వాన తెరిపి ఇచ్చిన రోజులలో ఈ పని చేయాలి. అక్టోబరు తరువాత ఎండుపుల్లలు, విరిగిన కొమ్మలు తప్ప మరేవీ తాకకూడదు. ఏ ఏడాదిలోనూ మొత్తం పచ్చదనంలో నాలుగో వంతుకు మించి తీయకూడదు.

కోస్తా జిల్లాలలో ఈ పనికి మరొక ప్రయోజనం కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినపుడు అసంఖ్యాకంగా చెట్లు కూలిపోయిన సంగతి పాఠకులకు తెలిసినదే. సన్నని కోణంలో చీలిన జంట మాన్లు, గాలిని లోనికి పోనివ్వని దట్టమైన తలలు ఈదురుగాలులకు త్వరగా లొంగిపోతాయి. జులైలో లోపలి కొమ్మలను పలచన చేస్తే తుపానుల కాలానికి చెట్టుపై గాలి ఒత్తిడి తగ్గుతుంది.

కోత వేసే విధానం

ప్రతి కొమ్మ మొదట, మానుతో కలిసేచోట, ఉంగరం వలె కొంచెం ఉబ్బిన భాగం ఉంటుంది. దీనిని కొమ్మ కంఠం అనవచ్చు. గాయాన్ని మూసివేసే కణజాలం అక్కడి నుండే వృద్ధి చెందుతుంది. అమెరికాకు చెందిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేలాది మాన్లను చీల్చి పరిశీలించి, చెట్టు తన గాయాన్ని మానవదేహం వలె మాన్పుకోదనీ, దాని చుట్టూ గోడలు కట్టి వేరుచేస్తుందనీ వివరించారు. మానుకు సమంగా చెక్కినట్లు కోస్తే ఆ కంఠం తెగిపోయి కుళ్లు లోపలికి వ్యాపిస్తుంది. మోడు మిగిల్చినా అది ఎండి కుళ్లుకు దారి చూపుతుంది. కంఠాన్ని వదిలి, దానికి వెలుపల నున్నగా కోయడమే సరైన పద్ధతి.

బరువైన కొమ్మలను మూడు కోతలలో తీయాలి. మొదటిది మానుకు సుమారు 30 సెం.మీ. దూరంలో, కింది వైపు నుండి మూడో వంతు మందం వరకు. రెండవది దానికి కాస్త వెలుపల, పై నుండి పూర్తిగా. ఇలా చేస్తే పడిపోయే కొమ్మ మాను బెరడును చీల్చుకుపోదు. మిగిలిన మోడును మూడవ కోతతో కంఠం వద్ద తీసివేయాలి. వేలెడు మందం వరకు సికేచర్ కత్తెర, అంతకు మించితే రంపం వాడాలి. కొడవలి, గొడ్డలి పనికిరావు. ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు వెళ్లేముందు పనిముట్లను 70 శాతం ఆల్కహాలుతో తుడవాలి.

చిన్న గాయాలకు ఏ పూతా అవసరం లేదు. వర్షాకాలంలో తప్పనిసరిగా పెద్ద గాయం చేయవలసి వచ్చినపుడు తోటలలో బోర్డో పేస్టు పూయడం అలవాటు. 100 గ్రా. మైలుతుత్తం, 100 గ్రా. సున్నం విడివిడిగా నీటిలో కలిపి, రెండూ చేరి లీటరు అయ్యేటట్లు ప్లాస్టిక్ పాత్రలో తయారుచేసుకోవాలి. అయితే తప్పుగా వేసిన కోతను ఏ పేస్టూ సరిదిద్దలేదు.

కోత ప్రారంభించే ముందు కొమ్మలను ఒకసారి నిదానంగా పరిశీలించాలి. పూలతేనె కోసం వచ్చే తేనెపిట్టలు సన్నని కొమ్మల చివర సంచి వంటి గూళ్లు వేలాడదీస్తాయి. గూడులో గుడ్లు గాని, పిల్లలు గాని ఉంటే ఆ కొమ్మను కొన్ని వారాలు వదిలివేయాలి.

గొడుగు కోతకు గురైన చెట్టును తిరిగి మలచడం

ఏళ్ల తరబడి ఒకే ఎత్తున కోతకు గురైన చెట్టును నరికివేయనవసరం లేదు. బాటిల్ బ్రష్ ముదురు కొమ్మ నుండి కూడా చిగురించగలదు. మొదటి ఏడాది ఎండిన పుల్లలను, ఒరుసుకునే కొమ్మలను మాత్రమే తొలగించి లోపలికి వెలుతురు చేర్చాలి. రెండవ ఏడాది ప్రతి మోడు వద్ద గుంపుగా వచ్చిన చిగుళ్లలో బయటికి చూస్తున్న ఒకటి రెండింటిని ఉంచి మిగిలినవి తీసివేయాలి. ఉంచిన కొమ్మల చివరలను ఎట్టి పరిస్థితులలోనూ కోయరాదు. మూడవ ఏడాదికి అవి పొడవెక్కి, తమ బరువుకు తామే వాలడం మొదలవుతుంది. అప్పుడు పాత, వంకర కొమ్మలలో కొన్నింటిని మొదలంటా తీయవచ్చు. ఈ కాలంలో పూత కొంత తగ్గినా, ఆకృతితో పాటు పూత కూడా క్రమంగా తిరిగి వస్తుంది.

నీరు, ఎరువులు, సస్యరక్షణ

వాగు ఒడ్డున పుట్టిన చెట్టు కనుక మొదటి రెండేళ్లు తడి ఆరకుండా చూడాలి. నిలదొక్కుకున్న పిదప బెట్టను తట్టుకుంటుంది. అయినా పూత దశలో పది, పదిహేను రోజులకు ఒకసారి లోతుగా నీరందిస్తే గుత్తులు నిండుగా వస్తాయి. పాదులో 5 నుండి 7 సెం.మీ. మందాన ఎండుటాకులు పరచి, అవి మానును తాకకుండా కొంత జాగా వదలాలి. ఏటా తొలకరిలో బాగా చివికిన పశువుల ఎరువు వేస్తే చాలు. నత్రజని అధికమైతే ఆకు పెరిగి పూత తగ్గుతుంది.

సున్నం పాలు ఎక్కువగా గల క్షార నేలల్లో ఇనుపధాతు లోపం వలన లేత ఆకులు పసుపురంగుకు మారి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది, 1 గ్రా. నిమ్మఉప్పు కలిపి వారం, పది రోజుల వ్యవధిలో రెండు మూడు సార్లు పిచికారి చేయాలి. పొలుసు పురుగులు, పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, 1 గ్రా. సబ్బుపొడి కలిపి చల్లాలి. తేనెటీగలు తిరిగే పూత సమయంలో ఏ మందూ పిచికారి చేయకూడదు.

వాలడం ఈ చెట్టు స్వభావం, కొసన పూయడం దాని ధర్మం. ఈ రెండింటినీ గుర్తెరిగి కత్తెర పట్టినవారికి పని తగ్గుతుంది, పూత పెరుగుతుంది. ఈ జనవరిలో ప్రాంగణం చక్కదిద్దేటపుడు పాదులు శుభ్రం చేసి, ఎండుపుల్లలు ఏరి, కొసలను మాత్రం వాటి మానాన విడిచిపెట్టండి. మార్చి నాటికి ఆ కొసలన్నీ ఎర్రని గుత్తులతో నిండుతాయి.