శ్రీవారి బుల్లి ఇంజన్లు - భద్రంగా దాచే పద్ధతి

కొందరు స్టాంపులు పోగేస్తారు, కొందరు నాణేలు. మోడల్ విమానాల పిచ్చి ఉన్నవాళ్లయితే ఇంజన్లు పోగేస్తారు. ఎన్.సి.సి. ఎయిర్ వింగులో ఏరోమోడలింగ్ నేర్చుకున్నవారి ఇళ్లలో విమానాలు ఏనాడో విరిగిపోయినా, వాటి ముక్కుకు బిగించిన బుల్లి ఇంజన్లు పాత బిస్కెట్ డబ్బాల్లో మిగిలే ఉంటాయి. ఇవి ఆటబొమ్మలు కావండోయ్! ఇంధనం పోస్తే నిజంగా తిరిగేవే. 1940లలో ఇంగ్లండులో తయారైన మిల్స్, 1950లలో అమెరికాలో వచ్చిన కాక్స్ బేబ్ బీ వంటివాటిని ఇప్పటికీ వెతికి సేకరించేవారున్నారు. బేబ్ బీ మొత్తం 0.8 సి.సి. ఇంజను. అరచేతిలో ఇమిడిపోతుంది.

ఐదారయితే సొరుగులో పడుంటాయి. వందలు దాటితే మాత్రం ఓ పద్ధతి కావాలి.

ఆముదంతో పేచీ

ఈ ఇంజన్ల ఇంధనంలో కందెనగా ఆముదం కలిపేవారు. ఇంజను తిరుగుతున్నంతకాలం ఆముదమే దానికి రక్ష. ఏళ్లతరబడి మూలపడితే అదే బంకలా గట్టిపడి లోపలి పిస్టన్‌ను పట్టేస్తుంది. ఇంధనంలోని మిథనాల్‌కు తేమను పీల్చే గుణం ఉంది. అది మిగిలిపోతే ఉక్కు భాగాలకు తుప్పు పడుతుంది.

పట్టేసిన ఇంజన్ను పట్టకారుతో మెలితిప్పకండి. ట్యాంకులో ఇంధనం లేదని చూసుకుని, హెయిర్ డ్రయర్‌తో వేడిగాలి కొట్టండి. ఆముదం మెత్తబడుతుంది. తర్వాత రెండు చుక్కల కుట్టుమిషను నూనె వేసి, కాసేపాగి చేత్తో మెల్లగా కదపాలి. ఇత్తడి చెంబులా మెరిపిద్దామని చింతపండు, నిమ్మచెక్క మాత్రం పట్టించకండి. పులుపు అల్యూమినియాన్ని తినేస్తుంది.

దాచేది ఇలా

1. లోపలి పాత ఇంధనం తీసేసి, తుడిచి ఆరబెట్టాలి. మళ్లీ ఆముదం వద్దు. కుట్టుమిషను నూనె చుక్కలు వేసి నాలుగైదుసార్లు తిప్పితే లోపలంతా పడుతుంది.

2. రబ్బరు గొట్టాలు ఊడదీసి విడిగా ఉంచాలి.

3. వార్తాపత్రికలో చుట్టొద్దు. ఒక్కో ఇంజన్ను జిప్ కవరులో పెట్టి, సిలికా జెల్ పొట్లం వేయాలి. పొట్లం రంగు మారితే కొత్తది పెట్టాలి.

4. గళ్లున్న ప్లాస్టిక్ పెట్టెలు మేలు. విడి స్క్రూలు ఏ ఇంజనువి ఆ కవరులోనే ఉండాలి. కంపెనీ అట్టపెట్టెలు పారేయకండి, వాటికీ విలువుంది.

5. అటక మీద వేడి, నేలన చెమ్మ. బీరువా మధ్య అర మంచిది.

6. మిగిలిన ఇంధనం డబ్బా ఇంట్లో ఉంటే జాగ్రత్త! మిథనాల్ ఇట్టే అంటుకుంటుంది. కొద్దిగా తాగినా చూపు పోవచ్చు, ప్రాణానికే ముప్పు. పొయ్యికీ, పిల్లలకీ దూరంగా ఉంచండి.

అన్నిటికన్నా ముఖ్యం

ప్రతి కవరుకూ నంబరు వేసి, ఓ నోట్‌బుక్కులో ఇంజను పేరు, ఎన్ని సి.సి., ఎక్కడ కొన్నారు, ఎవరిచ్చారు అన్నీ రాయించండి. సెల్‌ఫోన్లో ఫొటో కూడా తీయండి. ఈ వివరాలు ఆయన బుర్రలో తప్ప ఎక్కడా ఉండవు. మనిషి పెద్దవాడయ్యాక అడుగుదామంటే జ్ఞాపకం ఉండకపోవచ్చు. రేపు పిల్లలకు అవి ఏమిటో తెలియకపోతే జీవితకాలపు సరదా పాతసామాన్ల బండిలో తూకానికి పోతుంది.

ఓ ఆదివారం మధ్యాహ్నం నోట్‌బుక్కు పట్టుకుని ఆయన పక్కన కూర్చోండి. ఆయన చెబుతుంటే మీరు రాయండి. ఇన్నేళ్లుగా విననివి ఎన్నో వింటారు!