కిలోబాట్లు కూడబలుక్కుంటే

చక్రాలు లేవు. కింద మూడు సన్నని తీగ కాళ్లు, పైన సెల్‌ఫోన్‌ను అదిరించే రకం బుల్లి మోటార్లు రెండు. ఆ అదురుకే ఇది బల్ల మీద జరుగుతుంది. ఒకటే అదిరితే పక్కకు తిరుగుతుంది, రెండూ అదిరితే ముందుకు పోతుంది. వెడల్పు 33 మిల్లీమీటర్లు. ఈ రోబో పేరు కిలోబాట్.

అమృత్‌సర్‌లో పెరిగిన రాధికా నాగ్‌పాల్ హార్వర్డ్‌లో నడిపిన బృందంలో మైకేల్ రూబెన్‌స్టీన్ దీనికి ప్రాణం పోశాడు. గుంపు రోబోల సిద్ధాంతాలకు అప్పటిదాకా చాలావరకు కంప్యూటర్ తెరే గతి. వెయ్యి రోబోలు కొనే స్తోమత ఎవరికుంది? అందుకే విడిభాగాల ఖర్చును ఒక్కోదానికి 14 డాలర్లకు దించారు. వెయ్యింటికీ విడివిడిగా ప్రోగ్రామ్ ఎక్కించే ఓపిక మాత్రం ఎవరికుంటుంది? పైనుంచి ఇన్‌ఫ్రారెడ్ కాంతితో అన్నిటికీ ఒకేసారి ఎక్కిస్తారు. వాటి మాటలూ ఇన్‌ఫ్రారెడ్‌లోనే. ఒకటి కిందికి వేసిన కాంతి బల్లకు తగిలి పక్కదానికి చేరుతుంది. జానెడు దూరం కూడా పోదు. 2014లో 1,024 కిలోబాట్లు ఇలాగే సర్దుకుని, సుమారు 12 గంటల్లో నక్షత్రం ఆకారంలో నిలిచాయి.

పేరు తెచ్చింది ఆ నక్షత్రమే గానీ, నన్నడిగితే అసలు ముచ్చట బ్రసెల్స్‌లో గాబ్రియేలె వాలెంటీని బృందం 100 కిలోబాట్లతో చేసిన ప్రయోగం. రెండు చోట్లు, వాటిలో మేలైనదేదో గుంపు తేల్చాలి. ఉపాయం తేనెటీగలది. కొత్త గూటికి చోటు వెతికే ఈగలు తిరిగొచ్చి ఆడే నాట్యాన్ని 1950ల్లోనే మార్టిన్ లిండావర్ గమనించాడు. చోటు ఎంత బాగుంటే ఆట అంతసేపు. కిలోబాటూ అంతే. చూసొచ్చిన చోటు బాగుంటే దాని పేరు ఎక్కువసేపు చెబుతుంది, లేకుంటే కాసేపే. రెండింటినీ పోల్చే పని ఏ ఒక్కదానిదీ కాదు. తర్వాత తన మాట మార్చుకోవాలా అన్నది పక్కవాటిని వినే తేల్చుకుంటుంది. ఎవరో ఒకరి మాట పట్టుకుంటే తీర్పు ఆలస్యం, కానీ తప్పులు తక్కువ. ఎక్కువమంది మాటకు తలూపితే త్వరగా తేలుతుంది, తప్పుదారీ పడుతుంది.

పక్కవాటి మాటే ఆధారమైతే, గొంతు దూరం పోయేకొద్దీ మంచిదేగా? కాదని 2021లో షెఫీల్డ్ పరిశోధకులు కిలోబాట్లతోనే చూపారు. గుంపు ఒక చోటికి ఒప్పేసుకున్నాక అంతకన్నా మంచిది కనబడితే, అందరి మాటా అందరికీ వినబడేచోట ఆ కబురు తెచ్చిన కొద్దిమంది గొంతు మునిగిపోతుంది. వినికిడి దగ్గరివాటికే పరిమితమైతే, ఓ మూల నాలుగైదు రోబోలు ముందు మారతాయి, వాటి పక్కవి ఆ తర్వాత.