పసుపు వత్తి

పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టు దిగినవాళ్లతో షేర్ ఆటో ఎక్కి చూడండి. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని కూడా గొంతెత్తి మాట్లాడుకుంటారు. ప్రెస్ షాపులో చేసిన రోజుల్లో నేనూ అంతే. రాత్రి పడుకునేదాకా చెవుల్లో గుయ్యిమనేది. తెల్లారేసరికి తగ్గేది కాబట్టి పట్టించుకోలేదు.

చెవి లోపలా కమ్మరి సామానే ఉంది. కణత ఎముకలో చిన్న గది, అందులో మూడు ఎముకలు: కర్ణభేరికి అంటుకున్న సుత్తి, దాని వెనక దాగలి, చివర రికాబు. రికాబు పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు, బరువు 3 మిల్లీగ్రాములు. ఒంట్లో ఇంతకన్నా చిన్న ఎముక లేదు. కర్ణభేరి మీద పడిన ఒత్తిడిని ఈ మూడూ దాదాపు 20 రెట్లు చేసి లోపలి చెవి ద్రవంలోకి నెడతాయి. మోత ఎక్కువైతే రికాబును గుంజి పట్టే కండరం ఒకటుంది. పాపం, అది బిగుసుకునేలోపే ప్రెస్ దెబ్బ లోపలికి దిగిపోతుంది. అక్కడ శబ్దాన్ని పట్టే రోమకణాలు చస్తే మళ్లీ మొలవవు.

ఆ కండరం చేయలేని పని చేసేది చెవిలో పెట్టుకునే పసుపు ఫోమ్ ప్లగ్గు. అమెరికాలో రాస్ గార్డ్‌నర్ బృందం 1967లో అతుకుల సందులు పూడ్చే పదార్థం కోసం వెతుకుతూ, కదలిక శక్తిని మింగేసే ఒక రెజిన్‌ను తయారుచేసింది. దాని నుంచి పుట్టిన ప్లగ్గు 1972లో మార్కెట్‌కొచ్చింది. నలిపితే నలుగుతుంది, వదిలితే నెమ్మదిగా ఉబ్బుతుంది. దాని గొప్పతనమంతా ఆ నెమ్మదిలోనే ఉంది. మనవాళ్లు కుక్కుకునే పొడి దూది మోతను ఆపదు.

మా గేటు దగ్గర డబ్బా నిండా ప్లగ్గులుండేవి. ఎలా పెట్టుకోవాలో ఎవరూ చూపించలేదు. సగం బయటికి వేలాడేసుకుని తిరిగేవాళ్లం. ప్రయోగశాలలో దానికిచ్చిన రేటింగ్ 29 డెసిబెల్స్. అలా వేలాడేస్తే అందులో సగం కూడా దక్కదు.

గ్రీజు లేని వేళ్లతో, దీపానికి వత్తి చేసినట్టు ముడత పడకుండా సన్నగా నలపాలి. రెండో చెయ్యి తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాలి. లోపలికి పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి.

ఎంత బాగా పెట్టినా పుర్రె ఎముకల గుండా కొంత మోత లోపలికి చేరుతుంది. ప్లగ్గు ఒక్కటే చాలదు; మోతలో ఉండే సమయమూ ముఖ్యమే. మన ఫ్యాక్టరీల నిబంధనలు 90 డెసిబెల్స్ దగ్గర 8 గంటలకు మించి ఉండొద్దన్నాయి. మన చట్టం మోతతో వచ్చే చెవుడును వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. అన్నలారా, ఏడాదికోసారి ఆడియోమెట్రీ (వినికిడి) పరీక్ష చేయించమని అడగండి. రేపటి షిఫ్టులో ప్లగ్గు మాత్రం పూర్తిగా లోపలికి పెట్టండి.