చక్రములపై ఇల్లు: లారీ క్యాబిన్‌లో భౌతిక, రసాయన శాస్త్రములు

బేతంచెర్ల పేరు చెప్పగానే నాపరాయి గుర్తుకు వచ్చును. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోని ఈ ఊరి చుట్టూ ఉన్న గనులనుండి బండలు లారీలలో దూరప్రాంతములకు పోవుచుండును. లారీతో పోవు డ్రైవరునకు, క్లీనరునకు క్యాబినే ఇల్లు. అక్కడనే భోజనము, అక్కడనే నిద్ర. ఐరోపాలో 1951 ప్రాంతమున వోక్స్‌వాగన్ వాన్లలో మంచము, బల్ల అమర్చి విహారయాత్రలకు క్యాంపర్ వాన్లను తయారుచేయ నారంభించిరి. మన దేశమున చాసిస్ మాత్రము కొని, షెడ్డులో వడ్రంగిచేత క్యాబిన్ కట్టించుకొను పద్ధతి చిరకాలముగా ఉన్నది. వానిది విహారము, వీరిది జీవనము. అయినను రెండింటికిని వర్తించు శాస్త్రము ఒక్కటే.

పైకప్పు రంగు

వేసవి మధ్యాహ్నమున చదరపు మీటరు నేలపై పడు సూర్యరశ్మి శక్తి సుమారు 1000 వాట్లు. క్యాబిన్ పైకప్పు 3 చదరపు మీటర్లనుకొనిన, దానిపై 3000 వాట్లు పడును. నల్లని పూత ఇందులో 90 శాతము వరకు పీల్చుకొనును. తెల్లని పూత పీల్చునది 20 నుండి 30 శాతము మాత్రమే. అనగా ఒక డబ్బా తెల్లరంగుతో పైకప్పు గ్రహించు శక్తిని దాదాపు 2000 వాట్లు తగ్గించవచ్చును. ఇది రెండు విద్యుత్ హీటర్లను ఆర్పివేయుటతో సమానము.

మెరయు రేకు మంచిది కాదా అని విద్యార్థి అడుగవచ్చును. మెరయు లోహము వెలుతురును బాగుగా తిప్పికొట్టును గాని, తాను గ్రహించిన కొద్ది వేడిని వికిరణము ద్వారా వదలుటలో చాల పిసినారి. తెల్లరంగు ఈ రెండు పనులను చక్కగా చేయును.

ఇనుప రేకు క్రింద ఒకటి రెండు అంగుళముల ఖాళీ వదలి ప్లైవుడ్ పలక బిగించుట మరియొక ఉపాయము. కదలని గాలి మంచి ఉష్ణబంధకము. ఆ ఖాళీలో థర్మోకోల్ పెట్టిన వేడి ఇంకను తగ్గును. ఇనుముకంటె థర్మోకోల్ ఉష్ణవాహకత వేయిరెట్లకు పైగా తక్కువ. అయితే అది సులభముగా అంటుకొనును. కాలినప్పుడు విషపు పొగ వచ్చును. కావున విద్యుత్ తీగలను దానికి తగులనీయరాదు.

2025 అక్టోబరు 1 తరువాత తయారగు మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏ.సి. ఉండవలెనని కేంద్ర ప్రభుత్వము 2023 డిసెంబరులో నిబంధన ప్రకటించినది. అంతకుముందు తయారైన లారీలకు రంగు, పలక, ఫ్యాను వంటి ఉపాయములే గతి.

ఫ్యానుకు కరెంటు

పెద్ద లారీలలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను శ్రేణిలో కలిపి 24 వోల్టులు తీసికొందురు. 24 వాట్ల ఫ్యాను 24 వోల్టులపై 1 ఆంపియరు వాడును. రాత్రి 8 గంటలు తిరిగినను 8 ఆంపియర్-గంటలే ఖర్చు. 100 ఆంపియర్-గంటల బ్యాటరీకి ఇది భారము కాదు. 1000 వాట్ల పరికరమైనచో 42 ఆంపియర్లు లాగును. అదే బ్యాటరీ రెండు గంటలకు కొంచెము పైగా ఖాళీ అగును. తెల్లవారి ఇంజను స్టార్టు కాదు.

12 వోల్టుల పరికరమునకు ఒక్క బ్యాటరీ నుండి తీగ లాగుట చాలమంది చేయు పొరపాటు. అప్పుడు ఒకటి తరుగును, రెండవది నిండుగా ఉండును. చార్జి చేయు కరెంటు రెండింటిగుండా ఒకే పరిమాణమున ప్రవహించును గనుక, నిండినది మితిమీరి చార్జి అగును. తరిగినది ఎన్నటికిని నిండదు. రెండును త్వరలో చెడిపోవును. 24 వోల్టులను 12కు మార్చు కన్వర్టరు పెట్టుట సరియైన మార్గము.

తీగలో పుట్టు వేడి కరెంటు వర్గమునకు అనుపాతముగా పెరుగును. కరెంటు రెండింతలైన వేడి నాలుగింతలు. కావున తీగ తగినంత లావుగా ఉండవలెను. ధనధ్రువమునకు దగ్గరగానే ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు కాపాడునది పరికరమును కాదు, తీగను. బ్యాటరీ విప్పునపుడు ముందుగా ఋణధ్రువపు తీగ తీయవలెను. అటుపిమ్మట స్పానరు బాడీకి తగిలినను షార్టు కాదు.

బావినీరు చేయు కీడు

బేతంచెర్ల నేలలో సున్నపురాయి కలదు. వాననీరు గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని ఆ రాతిని కాల్షియం బైకార్బొనేటుగా కరిగించును. ఊరికి సమీపమున ఉన్న బిళ్లసర్గం గుహలును, కొలిమిగుండ్ల మండలములోని బెలుం గుహలును ఇట్లు ఏర్పడినవే. గుహలో ఆ నీటి నుండి బొగ్గుపులుసు వాయువు వెడలినపుడు సున్నపురాయి మరల ఊడలవలె గట్టిపడును.

ఆ నీటినే రేడియేటరులో పోసినచో, గుహలో వేలయేండ్లకు జరుగు పని వేడివలన కొద్ది నెలలలోనే జరుగును. గొట్టములలోపల తెల్లని పెచ్చు కట్టును. దాని ఉష్ణవాహకత అల్యూమినియముతో పోల్చిన నూరవవంతు మాత్రము. ఇంజను వేడెక్కి నడిదారిలో నిలిచిపోవుటకు ఇది ఒక ముఖ్యకారణము. స్వేదనజలములో కూలెంటు కలిపి పోయవలెను. వేడిగా ఉన్నపుడు మూత తీయరాదు. ఒత్తిడిలో 100 డిగ్రీలు దాటియు మరుగక ఉన్న నీరు, ఒత్తిడి తగ్గగానే ఆవిరియై ముఖముపైకి చిమ్మును.

బ్యాటరీలోనికిని స్వేదనజలమే పోయవలెను. బావినీటిలోని ఇనుము, క్లోరైడులు పలకలను చెరచును. అందు తగ్గునది నీరేగాని ఆమ్లము కాదు. కావున ఆమ్లము పోయరాదు. చార్జి అగునపుడు హైడ్రోజను, ఆక్సిజను వెలువడును. అగ్గిపుల్ల వెలుతురున నీటిమట్టము చూచుట పేలుడును పిలుచుటయే.

మూసిన క్యాబిన్‌లో పొయ్యి

చలిరాత్రి, లేక వానలో, అద్దములు మూసి క్యాబిన్‌లోనే వంట చేయుట ప్రాణాంతకము. గాలి చాలనపుడు ఇంధనము అరకొరగా కాలి కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిను ఆక్సిజనుకంటె దీనితో రెండువందల రెట్లకు పైగా గట్టిగా కలియును. తలనొప్పి, మగత కలిగి, నిద్రలోనే ప్రాణము పోవచ్చును. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలమట్టమున చేరును. పొయ్యి ఎల్లప్పుడు క్యాబిన్ వెలుపలనే వెలిగించవలెను.

పాఠశాలలో చేయదగిన ప్రయోగములు

ఒకే కొలత డబ్బాలు రెండు తీసికొని, ఒకదానికి తెలుపు, వేరొకదానికి నలుపు పూయుడు. మూతలలో థర్మామీటర్లు గ్రుచ్చి ఎండలో ఉంచి, అయిదేసి నిముషములకు ఉష్ణోగ్రత వ్రాసికొనుడు. ఒక గిన్నెలో బావినీటిని, మరియొకదానిలో వాననీటిని మరిగించి ఇంకించుడు. బావినీటి గిన్నె అడుగున మిగిలిన తెల్లని పొడిపై నిమ్మరసము చుక్క వేసిన పొంగును. ఆ నురుగలో వెలువడునది బొగ్గుపులుసు వాయువే. రేడియేటరులో ఏ నీరు పోయవలెనో పిల్లలు అప్పుడు తామే చెప్పగలరు.